మెల్నిక్‌లో పగలు తిరగండి, రాత్రి మాత్రం సాండాన్‌స్కీలో ఉండండి

బల్గేరియా నైరుతి మూలన, గ్రీస్ సరిహద్దు దగ్గరున్న సాండాన్‌స్కీ ఊరికి అందరూ వేడినీటి బుగ్గల కోసం వెళ్తారు. మేం ఆ ఊరికి పేరిచ్చిన యానె సాండాన్‌స్కీ కోసం వెళ్లాం. ఒట్టోమాన్ పాలన మీద తుపాకీ పట్టి, తర్వాత పార్టీ పెట్టిన ఈ మాసిడోనియా విప్లవకారుడంటే మ్యూనిక్‌లో ఉండే మా బావకి విపరీతమైన అభిమానం. సోఫియా నుంచి బస్సు హాయిగా సాగింది.

కోపమంతా మెల్నిక్ రూమ్ మీదే. బల్గేరియాలోకెల్లా చిన్న పట్టణం, ఇసుకరాతి గుట్టల మధ్య చూడముచ్చటగా ఉంటుంది. టిఫిన్‌తో కలిపి 90 లెవాలని బుక్ చేశాం (లెవా అంటే బల్గేరియా పాత కరెన్సీ; 2025లో వెళ్లాం, అప్పటికింకా యూరో రాలేదు). తీరా వెళ్లాక ఓనర్ హీటర్‌కి ఇంకో 25 అన్నాడు. సరే అని ఇస్తే అది అర్ధరాత్రికే ఆగిపోయింది, ఎంత తలుపు కొట్టినా ఎవరూ పలకలేదు, మా ఆవిడ జాకెట్ వేసుకునే పడుకుంది. పొద్దున టిఫిన్ అడిగితే ఈ సీజన్‌లో వండటం లేదన్నాడు, 25 వెనక్కివ్వమంటే మొహం తిప్పుకున్నాడు. అలాంటి చోట ముందే డబ్బు ఇవ్వకండి.

ఆ చిరాకుతోనే రోజెన్ మఠానికి నడిచాం. మఠం దగ్గర చర్చి పక్కనే యానె సాండాన్‌స్కీ సమాధి. బతకడమంటే పోరాడటమేననీ, బానిస స్వేచ్ఛ కోసం, స్వేచ్ఛ ఉన్నవాడు పరిపూర్ణత కోసం పోరాడతాడనీ దాని మీద రాసుంది. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. 1908లో సుల్తాన్ మీద తిరగబడ్డ యంగ్ టర్కులతో చేతులు కలిపి, 1909లో వాళ్ల సైన్యంతో ఇస్తాంబుల్ దాకా వెళ్లి, 1912 బాల్కన్ యుద్ధంలో బల్గేరియా వైపు పోరాడి, చివరికి 1915 ఏప్రిల్‌లో ఈ చుట్టుపక్కలే మాటువేసిన వాళ్ల చేతిలో చనిపోయాడు. ఇవాళ ఉత్తర మాసిడోనియా జాతీయ గీతంలోనూ ఆయన పేరుంది.

బావ ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే మా ఆవిడ అడ్డుకుంది. 1901లో ఆయన బృందం అమెరికన్ మిషనరీ ఎలెన్ స్టోన్‌ని, గర్భిణి కాటెరినా త్సిల్కాని ఎత్తుకెళ్లింది. ఉద్యమానికి డబ్బు కావాలి మరి, 14,000 ఒట్టోమాన్ బంగారు లీరాలు వచ్చాకే వదిలారు. ఈలోగా త్సిల్కాకి బందీగానే కూతురు పుట్టింది. "చలికాలంలో కడుపుతో ఉన్న మనిషిని కొండల వెంట తిప్పినవాణ్ణి వీరుడంటే నేనొప్పుకోను అన్నయ్యగారూ" అంది. 1907లో సోఫియాలో సొంత ఉద్యమంలోని సరఫోవ్, గర్వానోవ్‌లను చంపించింది కూడా ఆయనే. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, సమాధి దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ రెండో సగం కూడా తెలుసుకునే వెళ్లాలి.

కింద ఊళ్లో చిక్కుడు గింజల సూప్ 6 లెవాలు, వేయించిన మిరపకాయలు 8, వేడి రొట్టె. శాకాహారులకి ఇంతకంటే మంచి భోజనం ఆ దేశంలో మాకు దొరకలేదు, బావ సూప్ రెండోసారి తెప్పించుకున్నాడు. ఆ సాయంత్రమే సాండాన్‌స్కీకి వచ్చేశాం. టాక్సీకి 40 లెవాలు, ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. అక్కడ 110కి వేడినీటి కొలనున్న హోటల్, కడుపునిండా టిఫిన్, అడక్కుండానే రసీదు.