ట్రెడ్‌మిల్లా, పార్కా, రోడ్డా: పరుగుకు ఏది మేలు?

కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. షూస్ కొన్నాక జిమ్‌లో చేరాలా, బయటికి వెళ్లాలా?

ఒంటికి జరిగే మేలు వరకే చూస్తే పెద్ద తేడా లేదు. అమెరికాలో 55 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. పరిగెత్తే అలవాటున్నవాళ్లలో గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 45 శాతం తక్కువని అందులో తేలింది. రోజుకు ఐదు పది నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తినవాళ్లకూ ఫలితం కనిపించింది. ఆ పది నిమిషాలు ఎక్కడ పరిగెత్తినా గుండెకు మంచిదే.

ట్రెడ్‌మిల్‌కు తన బలాలు ఉన్నాయి. మే నెల ఎండలోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ పరుగు ఆగదు. వీధికుక్కల భయం, లారీల టెన్షన్ ఉండవు. సిమెంటు రోడ్డు కంటే బెల్టు కాస్త మెత్తగా ఉంటుంది. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే అమ్మాయికి చాలాసార్లు అదొక్కటే దారి. కానీ మామూలు ట్రెడ్‌మిల్ మీద దిగుడు ఉండదు. ఆగస్టు ఉక్కపోతలో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తాలనుకునేవాళ్లకు ఫ్లైఓవర్లు ఎక్కడమే కాదు, దిగడమూ సాధన కావాలి. దిగేటప్పుడే తొడలు పట్టేస్తాయి.

నా వరకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం వేరే ఉంది. నా పరుగు వల్ల ఊరికి ఏమైనా ఒరుగుతోందా? బయట పరిగెత్తేవాళ్లకు ఊరి బాగోగులు కంటపడతాయి. ఏ వీధిలైటు వెలగడం లేదో, ఫుట్‌పాత్ ఎక్కడ విరిగిందో వాళ్లకు తెలుస్తుంది. 2016లో ఫ్లైఓవర్ల కోసం హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తారని తెలిసినప్పుడు నగరవాసులు రోడ్డెక్కారు, విషయం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. రోజూ ఆ నీడన తిరిగేవాళ్లకు ఆ చెట్ల విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. విశాఖలో తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. ఆ కాసేపు తాతలు, పిల్లలు, పరుగువీరులు అందరూ కలిసి రోడ్డంతా వాడుకుంటారు. పైగా పది మంది పరిగెత్తే దారిలో పదకొండో మనిషిగా ఒక ఆడపిల్ల ధైర్యంగా అడుగు పెట్టగలదు. ఇంతటి మేలు జిమ్ గదిలో జరగదు.

లండన్‌లోని బుషీ పార్కులో 2004లో 13 మందితో మొదలైన శనివారపు పరుగు నేడు ఎన్నో దేశాల్లో నడుస్తోంది. ఐదు కిలోమీటర్లు, ఫీజు లేదు, నిర్వాహకులంతా వాలంటీర్లే. మన మున్సిపల్ గ్రౌండ్లలోనూ ఇలాంటిది పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బయట అన్నాక పార్కా, రోడ్డా? కొత్తవాళ్లకు పార్కే, మట్టి బాట ఉంటే ఇంకా మంచిది. వారాంతంలో నలుగురు తోడుంటే రోడ్డు మీదికి రండి, లేత రంగు బట్టలు వేసుకుని, వచ్చే బళ్లు ఎదురుగా కనిపించేలా కుడి పక్కన పరిగెత్తండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో గుండ్రంగా తిరగడం, మేడ మీద జాగింగ్ లాంటివి ఏ దారీ లేనప్పుడు సరే.

జిమ్ సభ్యత్వం తీసుకోవాలనుకుంటే ఏడాదికి కట్టకండి. ఏప్రిల్, మే నెలలకు కట్టండి చాలు.