స్నేక్ నదిలో ఆరేళ్లు నానిన పోలరైజర్ ఫిల్టర్

2019లో 90 డాలర్లు పెట్టి 77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్ కొన్నాను. లెన్స్ ముందు బిగించి, రింగు తిప్పుతూ నీటి మీది మెరుపును తగ్గించుకునే ఫిల్టర్ అది. అప్పటి నుంచి ఏటా రెండు మూడు సార్లు సాల్ట్ లేక్ సిటీ నుంచి ఐదు గంటలు కారు నడిపి, వ్యోమింగ్‌లో గ్రాండ్ టీటన్ కొండల కింద పారే స్నేక్ నదికి వెళ్తున్నాను. చేతిలో చేపలు పట్టే ఫ్లై రాడ్, మెడలో కెమెరా. చేపకైనా ఫోటోకైనా అక్కడ అడ్డుపడేది ఒకటే, నీటి మీద పడి జిగేల్‌మని కళ్లలో కొట్టే ఎండ.

ఆ నదిలో దొరికేది కట్‌త్రోట్ ట్రౌట్ అనే చేప. ఒంటినిండా మిరియాల పొడి చల్లినట్టు సన్న చుక్కలు, దవడ కింద ఎర్రటి గీత. గులకరాళ్లలో ఇట్టే కలిసిపోతుంది. ఫిల్టర్ లేకుండా తీస్తే నీళ్ల మీద తెల్లటి పొర తప్ప ఏమీ పడదు. రింగు మెల్లగా తిప్పుతూ ఉంటే ఒకచోట ఆ పొర జారిపోతుంది. అడుగున రాళ్లు, వాటి మధ్య ప్రవాహానికి ఎదురుగా తోక ఆడిస్తూ నిలబడ్డ చేప. మొదటిసారి చూసినప్పుడు క్లిక్ చేయడం కూడా మర్చిపోయాను. కాకపోతే కోణం కుదరాలి. చూపు నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల్లో వాలినప్పుడు బాగా పనిచేస్తుంది, కాళ్ల దగ్గరి నీళ్లలోకి నిటారుగా చూస్తే పెద్ద తేడా ఉండదు. జూన్‌లో అయితే అసలు బ్యాగులోంచి తీయక్కర్లేదు. మంచు కరిగి నది వరద గోదారి రంగులో ఉంటుంది.

నీళ్లలో ప్రతిబింబం కావాల్సిన చోట ఫిల్టర్ తీసేయాలి, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నది ఒడ్డున ష్వాబాకర్ లాండింగ్ అనే చోట తెల్లవారుజామున కొండలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి. మొదటి ఏడాది చలికి చేతులు కొంకర్లు పోతుంటే రింగు సంగతి పట్టించుకోకుండా వరసగా ఫోటోలు తీసేశాను. ఇంటికొచ్చి చూస్తే పైన కొండ బ్రహ్మాండంగా ఉంది, నీళ్లలో కొండ వెలిసిపోయిన చీరలా ఉంది. వైడ్ లెన్స్‌తో ఆకాశం తీసినా అంతే, ఒక పక్క ముదురు నీలం, మరో పక్క పాలిపోయిన నీలం. వెలుగు కూడా ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తినేస్తుంది, ఒక స్టాపు అంటే వెలుగు సగానికి పడిపోవడం. ఇక 1942లో పేరున్న అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ నది వంపును ఫోటో తీసిన ఓవర్‌లుక్ దగ్గర ఏ ఫిల్టరూ ఏమీ చేయలేదు, చెట్లు పెరిగి ఆ వంపును చాలావరకు కప్పేశాయి.

ఇంకో తమాషా. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని కెమెరాను నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఛార్జ్ అయిపోయిందనుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి, టెన్షన్ పడుతూ బ్యాటరీ మార్చాను. అద్దాలు తీస్తే స్క్రీన్ నిక్షేపంగా ఉంది. చేపను వెతకడానికి మాత్రం ఫిల్టర్ కన్నా ఆ కళ్లద్దాలే ఎక్కువ పనికొచ్చాయి.

నాలుగో ఏడు సన్న ఇసుక దూరి రింగు బిగుసుకుపోయింది. కంపెనీకి రాస్తే అది మామూలు అరుగుదల, వారంటీ వర్తించదన్నారు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి అటూ ఇటూ తిప్పితే కదిలింది గానీ, ఇప్పటికీ కరకరమంటుంది. గాజు మీద మాత్రం ఒక్క గీత లేదు. 5కి 4 ఇస్తాను.

ఆ నాలుగూ ఎందుకంటే, ఇప్పుడు ఫోటో కోసం చేపను పైకెత్తడం లేదు. ముల్లు లేని గాలం, తడి చెయ్యి, నీళ్లలో ఉండగానే ఒక ఫోటో, వదిలేయడం. కొవ్వూరులో అమ్మకు ఇదంతా నచ్చదు. "అంత దూరం పోయి పట్టింది వదిలేయడానికా?" అంటుంది. మొన్న వాట్సాప్‌లో పంపిన ఫోటోను పెద్దది చేసి చూసి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇందులో రాయేది, చేపేది?"