స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్‌లు: హన్మకొండలో వేయించుకుని నడిపాక నా అభిప్రాయం

స్విఫ్ట్‌కి పెద్ద అలాయ్‌లు వేయించాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా మన వరంగల్, కరీంనగర్, భూపాలపల్లి రోడ్ల మీద తిరిగేవాళ్లు, 16 అంగుళాల దగ్గర ఆగండి. 17 ఫొటోలో ఎంత బాగున్నా ఇక్కడ దానితో సుఖం లేదు. నాది 2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్ మోడల్, వీఎక్స్‌ఐ అనే మధ్య వేరియంట్, పెట్రోల్. కంపెనీ నుంచి 14 అంగుళాల ఇనుప రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లతో వచ్చింది. ఇప్పుడు దాని కింద 16 అంగుళాల అలాయ్‌లు, 195/55 ఆర్16 టైర్లు ఉన్నాయి. వానాకాలం, ఎండాకాలం రెండూ చూశాక రాస్తున్నాను కాబట్టి కొత్త మోజులో రాసింది అనుకోకండి.

ఈ కారు బరువు తొమ్మిది వందల కిలోల లోపే, తిప్పితే చురుగ్గా తిరుగుతుంది, ఇంజన్ కూడా పైకి లాగితే హుషారుగా లాగుతుంది. కానీ ఆ సన్నటి, ఎత్తైన టైర్ల మీద మాత్రం ములుగు దాటాక తాడ్వాయి అడవి మలుపుల్లో కొంచెం వేగంగా పోతే చాలు, టైర్లు కీచుమంటాయి, కారు ఒక పక్కకి ఒరిగిపోతుంది. నాకు కావాల్సింది ఆ పట్టు. అందం రెండో సంగతి. అందం ఒక్కటే కావాలంటే నా సలహా వేరు: పై వేరియంట్ జెడ్‌ఎక్స్‌ఐకి కంపెనీయే 15 అంగుళాల అలాయ్‌లు, 185/65 ఆర్15 టైర్లు ఇచ్చింది, అవే తెచ్చి వేసుకోండి. ఖర్చు తక్కువ, ఇన్సూరెన్స్ వాళ్లతో పేచీ ఉండదు, సర్వీస్ సెంటర్లో ఎవరూ ప్రశ్న వేయరు. చాలామందికి అది చాలు.

ఇక సైజు లెక్క. షాపులో సగం మంది దీన్ని సరిగ్గా చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. టైరు మీద 195/55 అని ఉంటే 195 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, ఆ వెడల్పులో 55 శాతం సైడ్‌వాల్ (రిమ్ముకీ నేలకీ మధ్య ఉండే టైరు పక్క గోడ) ఎత్తు, అంటే దాదాపు 107. పైనా కిందా రెండు సైడ్‌వాల్స్, మధ్యలో 16 అంగుళాల రిమ్ము అంటే 406 మిల్లీమీటర్లు, అంతా కలిపితే చక్రం మొత్తం ఎత్తు 621 వస్తుంది. నా పాత 14 అంగుళాల చక్రం లెక్క వేస్తే 620. తేడా లేనట్టే, కాబట్టి స్పీడో మీటరు తప్పు చూపదు, గేరింగ్ మారదు, స్టెప్నీగా పాత 14 అంగుళాల ఇనుప చక్రమే డిక్కీలో ఉంచుకున్నా పంక్చర్ షాపు దాకా నిశ్చింతగా పోవచ్చు. ఒక షాపులో మాత్రం "205/55 వేయండి అన్నా, నిండుగా కనబడుతది" అన్నారు. దాని ఎత్తు 632, రెండు శాతం ఎక్కువ. మీటరు మీద వంద కనబడితే అసలు వేగం 102 ఉంటుంది, పిక్‌అప్ తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకునే అవకాశం కూడా ఎక్కువ. ఇంకో అపోహ కూడా ఉంది, పెద్ద రిమ్ములు వేస్తే కారు ఎత్తు పెరుగుతుందని. బయటి ఎత్తు మారనప్పుడు గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కడి నుంచి పెరుగుతుంది? రిమ్ము పెరిగిన మేర రబ్బరు తగ్గుతుంది, అంతే.

ఆ తగ్గిన రబ్బరే అసలు విషయం. పాత టైరు సైడ్‌వాల్ 132 మిల్లీమీటర్లు, ఇప్పుడు 107, అంటే గుంతకీ రిమ్ముకీ మధ్య అంగుళం మందం పోయింది. 205/45 ఆర్17 అయితే 92 మాత్రమే మిగులుతుంది. మా బావమరిది అచ్చం ఇలాంటి కారుకే ఆ 17 వేయించాడు. ఇంటి ముందు నిలబెడితే నిజంగానే కళ్లు తిప్పుకోలేం, అందులో అబద్ధం లేదు. కానీ పరకాల దాటి భూపాలపల్లి వైపు పోయేటప్పుడు, లారీల కింద నలిగిన రోడ్డు, దాని మీద వాన నీళ్లు నిలిచి గుంత లోతు తెలియని చోట, ముందు ఎడమ చక్రం దభీమని పడింది. రిమ్ము అంచు వంగింది, టైరు పక్కన ఉబ్బు వచ్చింది. ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగాయని అర్థం, దానికి రిపేరు లేదు, కొత్త టైరే. అతను నెమ్మదిగా నడిపే మనిషి, ఇంట్లో అందరూ ఉన్నారు కారులో.

17 గురించి ఎవరూ చెప్పని ఇంకో మాట. టైరు మీద సైజు తర్వాత 85టీ, 87వీ అని ఉంటుంది కదా, ఆ అంకె ఒక్కో టైరు మోయగల బరువుకి గుర్తు. 165/80 ఆర్14కి 85, అంటే 515 కిలోలు. 195/55 ఆర్16కి 87, అంటే 545. 205/45 ఆర్17లో మామూలు రకం 84 దగ్గరే ఉంటుంది, 500 కిలోలు. పెద్ద చక్రం కొని కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువ బరువు మోసే టైరు తెచ్చుకున్నట్టు అవుతుంది. ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని రాసినది తీసుకుంటే 88 వస్తుంది, కానీ దానికి గాలి ఎక్కువ కొట్టాలి, కుదుపు ఇంకా పెరుగుతుంది. "జపాన్‌లో స్విఫ్ట్ స్పోర్ట్ 17తోనే వచ్చింది కదా" అని వాదించేవాళ్లు ఉంటారు. వచ్చింది, 195/45 ఆర్17. కానీ దాని గ్రౌండ్ క్లియరెన్స్ 120 మిల్లీమీటర్లు, మనది 163, సస్పెన్షన్ వేరు, పైగా దానికి ఐదు బోల్టులు, మనకి నాలుగు. ఆ రిమ్ములు దొరికినా మన కారుకి ఎక్కవు.

బోల్టుల సంగతి వచ్చింది కాబట్టి ఫిట్టింగ్ గురించి. స్విఫ్ట్‌కి నాలుగు బోల్టులు, వాటి వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 54.1. బయట దొరికే అలాయ్‌లలో చాలావాటికి మధ్య రంధ్రం పెద్దగా ఉంటుంది, అన్ని కార్లకీ సరిపోవాలని. అప్పుడు హబ్ రింగ్ అనే చిన్న రింగు వేయాలి, లేకపోతే రిమ్ము సరిగ్గా మధ్యలో కూర్చోదు, ఎన్నిసార్లు బాలెన్సింగ్ చేయించినా హైవే మీద స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. నేను మొదట వెళ్లిన షాపులో రింగు అడిగితే "ఏం కాదు అన్నా, గట్టిగా బిగిస్తే అయిపాయె" అన్నారు, పైగా వేరే కంపెనీ కారు నట్లు తీసి పెట్టబోయారు. మారుతి నట్టు మర 12 బై 1.25 (మందం, మర చుట్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో), హ్యుందాయ్, హోండాలది 12 బై 1.5. కలపకూడదు, నట్టు ఎక్కే స్టడ్ మర చెడిపోతుంది. అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

రెండో షాపు హన్మకొండలోనే, చిన్నది, బయట బోర్డు కూడా సరిగ్గా కనబడదు. పెద్దాయన ఒక్కడే, ఒక కుర్రాడు సాయం. నేను డిజైన్లు చూపిస్తుంటే ఆయన పట్టించుకోకుండా "తమ్మీ, ముందు నీ పాత రిమ్ము ఇప్పుదాం, ఎనక ఏం రాసి ఉందో చూద్దాం" అన్నాడు. ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి కారుకి ఆనే ముఖం దాకా మిల్లీమీటర్లలో దూరం) చూసి, దానికి దగ్గరగా 40 ఉన్న రిమ్ములే బయటికి తీశాడు. ఆఫ్‌సెట్ బాగా తగ్గితే చక్రం బయటికి పొడుచుకొచ్చి, వీల్ బేరింగ్ మీద భారం పడుతుంది, స్టీరింగ్ కూడా గుంజుతుంది. నాకు నచ్చిన పని ఏంటంటే, టైరు ఎక్కించక ముందే ఉత్త రిమ్ము కారుకి బిగించి, చక్రం లోపల డిస్కును పట్టి ఆపే బ్రేక్ కాలిపర్‌కి ఎంత సందు ఉందో చూపించి, స్టీరింగ్ రెండు పక్కలా చివరి దాకా తిప్పించాడు. తర్వాతే టైర్లు. రిమ్ము వెనక జేడబ్ల్యూఎల్ ముద్ర ఉందా లేదా చూడమని కూడా ఆయనే చెప్పాడు. అది జపాన్ వాళ్ల అలాయ్ వీల్ ప్రమాణం, ఆ ముద్ర లేని సరుకు ఎంత చవకగా వచ్చినా వద్దు. నేను తీసుకున్నవి మామూలు కాస్టింగ్ రిమ్ములే, అంటే అచ్చులో పోసినవి. ఫ్లో ఫార్మింగ్ చేసినవి, అంటే పోసిన రిమ్మును తిప్పుతూ రోలర్లతో నొక్కి సాగదీసినవి, తేలికగా, గట్టిగా ఉంటాయి, డబ్బు ఉంటే అవే మేలు. చక్రం బరువు తగ్గితే గుంతల్లో సస్పెన్షన్‌కి పని తగ్గుతుంది, పిక్‌అప్‌లోనూ తెలుస్తుంది.

నడిపితే ఎలా ఉందంటే, హైదరాబాద్ పోయే హైవే మీద జనగామ దాటాక కారు ముందుకంటే చాలా కుదురుగా ఉంది, లేన్ మారితే ఊగడం లేదు. తాడ్వాయి మలుపుల్లో నేను కోరుకున్నది దొరికింది, ఆ కీచు పోయింది, స్టీరింగ్ తిప్పిన వెంటనే కారు మాట వింటుంది. బ్రేక్ కొడితే నిలబడే తీరు కూడా మెరుగైంది. నష్టాలు కూడా ఉన్నాయి. కాజీపేట, సుబేదారి మధ్య ట్రాఫిక్‌లో చిన్న చిన్న అతుకులు కూడా సీటు దాకా తెలుస్తున్నాయి, వెనక కూర్చున్న అమ్మ "ఇదివరకు ఇంత ఎగరలేదు కదరా" అంది. పార్కింగ్‌లో స్టీరింగ్ కొంచెం బరువైంది. లారీలు తొక్కి గాడి పడ్డ రోడ్డు మీద కారు ఆ గాడి వెంట పోవాలని చూస్తుంది, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాల్సిందే. మైలేజీ లీటరుకి ఒక కిలోమీటరు దాకా తగ్గింది. వాన నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైరు సన్న టైరు కంటే ముందే తేలిపోతుంది, అందుకే టైరు మీది గాడులు అరిగాక ఇంకొన్నాళ్లు లాగుదాం అనే ఆలోచన పెట్టుకోవద్దు.

టైర్లు కొనేటప్పుడు పక్కన డీఓటీ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 1524 అంటే 2024లో 15వ వారంలో తయారైంది. 16 అంగుళాల టైర్లు మన దగ్గర 14 అంత వేగంగా అమ్ముడుపోవు, కాబట్టి పాత స్టాకు అంటగట్టే ప్రమాదం ఉంది. రెండు టైర్లు మా ముందే వెనక్కి పంపించి కొత్తవి తెప్పించాడు ఆ పెద్దాయన, ఒక రోజు ఆలస్యమైంది, పర్వాలేదు.

ఖర్చు రిమ్ములు, టైర్లు, అలైన్‌మెంట్, బాలెన్సింగ్ కలిపి 65 వేల దాకా అయింది. చిన్న డబ్బు కాదు. పాత చక్రాలకి ఎక్స్ఛేంజ్‌లో ఇస్తామన్నది మరీ తక్కువ, ఇవ్వలేదు, ఇంట్లో పెట్టాను. కారు అమ్మేటప్పుడు కంపెనీ చక్రాలు ఉంటే మంచి ధర వస్తుంది, ఆ అలాయ్‌లు విడిగా అమ్ముకోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, పాలసీలో యాక్సెసరీగా చేర్పించాను, ప్రీమియం కొద్దిగా పెరిగింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. ఫెండర్ బయటికి పొడుచుకొచ్చేలా వేసినవాళ్లు ముందుగా ఇబ్బంది పడతారు. నా చక్రం ఫెండర్ లోపలే ఉంది.

బిగించిన తర్వాత వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) చూపించుకోండి, కొత్త అలాయ్‌కి సీటింగ్ కుదిరాక కొంచెం వదులవుతాయి. ఎయిర్ గన్‌తో బర్రుమని బిగించి పంపేస్తే ఒప్పుకోకండి. ఆ చెకింగ్‌కి హన్మకొండ పెద్దాయన పైసా తీసుకోలేదు, నాలుగు చక్రాలూ తన చేత్తోనే బిగించి, ఎడమ వెనక దానిలో ఒక నట్టు పావు చుట్టు కదిలిందని పిలిచి చూపించాడు.