యూడబ్ల్యూ ఫిగ్ రివ్యూ: పది వారాల సెక్షన్

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సెక్షన్ ఎవరూ అడగకుండానే దొరుకుతుంది. సీఎస్ఈ-బి అని పడితే చాలు, అన్ని క్లాసుల్లోనూ అదే అరవై మంది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో (యూడబ్ల్యూ) ఆ ఏర్పాటు లేదు. ప్రతి కోర్సుకీ ఎవరికి వారే రిజిస్టర్ చేసుకోవాలి. పొద్దున లెక్కల క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం కెమిస్ట్రీలో కనిపించరు. కేన్ హాల్ లాంటి చోట వందల మందిలో కూర్చుంటే మిస్సయిన నోట్సు అడగడానికి కూడా తెలిసిన మనిషి ఉండడు.

ఆ లోటు తీర్చడానికే ఫస్ట్-ఇయర్ ఇంటరెస్ట్ గ్రూప్, వాడుకలో ఫిగ్. ఒరెగాన్ యూనివర్సిటీ 1982లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని యూడబ్ల్యూ 1987లో తెచ్చుకుంది. ఇరవై, పాతిక మంది కొత్త విద్యార్థులను ఒక జట్టుగా కలిపి, ఆటమ్ క్వార్టర్‌లో, అంటే డిసెంబరుతో ముగిసే మొదటి పది వారాల టర్మ్‌లో, ఒకటి నుంచి మూడు కోర్సుల్లో వాళ్లందరికీ కలిపి సీట్లిస్తారు. దానికి జెన్ ఎస్‌టీ 199 అనే రెండు క్రెడిట్ల సెమినార్ జోడిస్తారు. దాన్ని నడిపేది ప్రొఫెసర్ కాదు, శిక్షణ పొందిన సీనియర్ విద్యార్థి.

మా మాట ముందే చెప్పేస్తాం: మంచి ఏర్పాటే, కానీ ఎంచుకోవడం తెలిస్తేనే. చాలామంది పేరు చూసి ఎంచుకుంటారు. చూడాల్సింది పేరు కాదు, లోపల ఉన్న కోర్సుల సెక్షన్ కోడ్లు.

మొదటి క్యాల్క్యులస్ కోర్సు మ్యాథ్ 124నే తీసుకోండి. సోమ, బుధ, శుక్రవారాల్లో పెద్ద లెక్చర్, మంగళ, గురువారాల్లో టీఏ (టీచింగ్ అసిస్టెంట్) నడిపే చిన్న క్లాసు, దాని పేరు క్విజ్ సెక్షన్. టైమ్ షెడ్యూల్‌లో లెక్చర్‌కి ‘ఎ’ అని ఉంటే దాని కింద క్విజ్ సెక్షన్లు ‘ఎఎ’, ‘ఎబి’, ‘ఎసి’ అని ఉంటాయి. జట్టంతా ‘ఎ’ లెక్చర్‌లో ఉండి, క్విజ్ సెక్షన్లలో చెల్లాచెదురైతే ఫిగ్ వల్ల దక్కేది సగమే. లెక్చర్‌లో ఎలాగూ ఎవరూ మాట్లాడరు, పరిచయాలు ముదిరేది క్విజ్ సెక్షన్‌లోనే. రెండూ కలిసి వచ్చే ఫిగ్ దొరికితే మిగతావి చూడనక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది, మీకు ఇప్పటికే ఏ క్రెడిట్లు వచ్చాయన్నది. సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు మన పిల్లల్లో హైస్కూల్లోనే కాలేజీ స్థాయి ఏపీ క్యాల్క్యులస్ పరీక్ష రాసినవాళ్లు, హైస్కూల్లో ఉండగానే రన్నింగ్ స్టార్ట్ అనే పథకంలో కమ్యూనిటీ కాలేజీ క్లాసులు చేసినవాళ్లు బోలెడుమంది. 124 క్రెడిట్ చేతిలో ఉండగా, స్నేహితుల కోసమని 124 ఉన్న ఫిగ్‌లో చేరితే అయిదు క్రెడిట్ల శ్రమ వృథా. వాళ్లకి లెక్కలు లేని ఫిగ్, అంటే రైటింగ్ కోర్సో సోషల్ సైన్స్ కోర్సో ఉన్నది నయం. అప్పుడు లెక్కలు తమ స్థాయికి తగ్గట్టు విడిగా తీసుకోవచ్చు. ఇంటర్ చదివి నేరుగా ఇక్కడికొచ్చినవాళ్లు మ్యాథ్ ప్లేస్‌మెంట్ (ఏ స్థాయి లెక్కల కోర్సుతో మొదలుపెట్టొచ్చన్నది) సంగతి ఓరియంటేషన్‌కి ముందే తేల్చుకోవాలి. అది తేలకపోతే 124 ఉన్న ఫిగ్ ఎదురుగా కనిపిస్తున్నా రిజిస్టర్ కాలేరు.

ఇక క్రెడిట్ల లెక్క. మ్యాథ్ 124కి అయిదు, కెమ్ 142కి (మొదటి కెమిస్ట్రీ కోర్సు) అయిదు, సెమినార్‌కి రెండు, మొత్తం పన్నెండు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకి ఫుల్‌టైమ్ కనీసం సరిగ్గా ఆ పన్నెండే. ఇది చాలనుకుని ఆగితే, అయిదో వారంలో కెమిస్ట్రీ కుదరక వదిలేయాలనిపించినప్పుడు ఏడుకి పడిపోతారు. అడ్వైజర్‌ని అడగకుండా అలా దిగితే వీసాకే ఎసరు. అందుకని పక్కన మరో మూడు నుంచి అయిదు క్రెడిట్ల కోర్సు ఉంచుకోండి. ట్యూషన్ పది నుంచి పద్దెనిమిది క్రెడిట్ల దాకా ఒకటే కాబట్టి అదనపు ఫీజు భయం లేదు. ఇంజినీరింగ్ అన్‌డిక్లేర్డ్‌గా, అంటే ఏ బ్రాంచో ఇంకా తేలకుండా చేరినవాళ్లు ఆటమ్‌లో ఇంజినీర్ 101 కూడా తీసుకోవాలి కాబట్టి ఫిగ్ వేళలు దానితో ఢీకొంటాయేమో ముందే చూసుకోవాలి.

ఫిగ్ మొత్తంగా తీసుకునే ప్యాకేజీ. అందులో ఒక్క కోర్సు నచ్చలేదని దాన్ని మాత్రం మార్చుకుంటామంటే కుదరదు. రిజిస్ట్రేషన్‌కి మూడు ఫిగ్‌లు వరుసలో రాసి పెట్టుకుని వెళ్లండి. మొదటిది నిండిపోతే అక్కడ కూర్చుని వెతుక్కునే టైము ఉండదు.

పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువగా అడిగే ప్రశ్న: సీఎస్ఈ కోర్సు ఉన్న ఫిగ్‌లో చేరితే సీఎస్ఈ మేజర్‌లో సీటు వస్తుందా? రాదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

సెమినార్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లైబ్రరీ, అడ్వైజింగ్, తర్వాతి క్వార్టర్ ప్లానింగ్ లాంటివి చెబుతారు. అక్కో అన్నో ఇదే యూనివర్సిటీలో చదివి ఉంటే కాస్త బోర్ కొడుతుంది. నాణ్యత నడిపే సీనియర్‌ని బట్టి మారుతుంది, ఇది పెద్ద లోపమే. ఆ సీనియర్ మీకు కెమిస్ట్రీ చెప్పరు, చెప్పమని అడగకండి. దానికి మేరీ గేట్స్ హాల్‌లో సాయంత్రాలు నడిచే క్లూ అనే ట్యూటరింగ్ సెంటర్ ఉంది, లెక్కలకి మ్యాథ్ స్టడీ సెంటర్ ఉంది, రెండూ ఉచితం. జట్టులో నలుగురు కలిసి వెళ్తే క్యూలో విసుగు కూడా తగ్గుతుంది.

ఫిగ్ అసలు లాభం గ్రూప్ స్టడీలో ఉంది, చెడిపోయేదీ అక్కడే. జట్టులో ఒకరిద్దరు లెక్కలు చేసి ఫొటో పెడితే మిగతావాళ్లు ఎక్కించుకోవడం మొదలవుతుంది. హోంవర్క్‌లో మార్కులన్నీ వచ్చేస్తాయి, నాలుగో వారం దాటాక మిడ్‌టర్మ్‌లో తేలిపోతారు. పైగా అది కాపీ కిందికి వస్తే మిస్‌కాండక్ట్ కేసు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కల బోధకుడు క్యాల్క్యులస్ వర్క్‌షాప్‌లు పెట్టినప్పుడు పిల్లలకి తేలిక లెక్కలు ఇవ్వలేదు. హోంవర్క్ కంటే కష్టమైనవే ఇచ్చి, కలిసి కుస్తీ పట్టమన్నాడు. ఆ పద్ధతిని ఇక్కడ వాడుకోవచ్చు: హోంవర్క్ ఎవరిది వాళ్లు చేసుకుని రావాలి, కలిసినప్పుడు పాత మిడ్‌టర్మ్ పేపరు తీసి, ఒకరు బోర్డు మీద చేస్తుంటే మిగతావాళ్లు తప్పులు పట్టాలి. నలుగురైదుగురికి మించితే అది కబుర్లలోకి దిగుతుంది.

దీని నుంచి ఎంత ఆశించాలి? న్యూయార్క్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో ఇలాంటి జట్ల మీద ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ 1,534 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి పరిశీలించింది. జట్టులో ఉన్నవాళ్లు ఆ సెమిస్టర్‌లో ఎక్కువ కోర్సులు పాసయ్యారు, కాలేజీలో కొనసాగడంలో మాత్రం వెంటనే పెద్ద తేడా రాలేదు. అది కమ్యూనిటీ కాలేజీ, ఇది పెద్ద యూనివర్సిటీ, ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చేయలేం. అయినా మొదటి మూడు నెలలకి ఊతం అనుకుని చేరితే నిరాశ ఉండదు.

డార్మ్‌లో ఉండేవాళ్ల కంటే ఇంటి నుంచి బస్సులో వచ్చేవాళ్లకి ఇది ఎక్కువ అవసరం. క్లాసు అవగానే బస్సెక్కేస్తే క్వార్టర్ గడిచినా ఒక్క స్నేహితుడూ మిగలడు. అప్పటికే స్కూలు స్నేహితుల గుంపుతో చేరినవాళ్లు, పై స్థాయి కోర్సులతో మొదలుపెట్టేవాళ్లు మానేసినా నష్టం లేదు.

ఫిగ్ డిసెంబరుతో ముగుస్తుంది, వింటర్‌కి యూనివర్సిటీ మళ్లీ జట్టు కట్టదు. వింటర్ రిజిస్ట్రేషన్ నవంబరులోనే తెరుస్తారు కాబట్టి, నచ్చిన ముగ్గురు నలుగురు ముందే కూడబలుక్కుని 124 తర్వాతి కోర్సు మ్యాథ్ 125లో ఒకే క్విజ్ సెక్షన్‌కి ఎస్ఎల్ఎన్ నంబరు (రిజిస్ట్రేషన్‌లో ప్రతి సెక్షన్‌కీ ఉండే నంబరు) రాసి పెట్టుకోండి. అందరికీ రిజిస్ట్రేషన్ ఒకే రోజు రాకపోవచ్చు, అందుకని రెండో నంబరు కూడా ఉంచుకోండి.