ఆపరేషన్‌కు ముందు గంటసేపు ఆట: మా పాపతో మా అనుభవం

మా పాపకు ఐదేళ్లు. టాన్సిల్స్ ఆపరేషన్ చేయించిన ఆసుపత్రిలో పిల్లల వార్డు పక్కనే ఒక ఆటల గది ఉంది. అక్కడ ప్లే స్పెషలిస్ట్ ఒకావిడ ఉంటారు. ఆపరేషన్‌కు ముందు రోజు పిల్లల్ని గంటసేపు ఆడిస్తూ, మర్నాడు ఏం జరగబోతోందో వాళ్ల చేతులతోనే చేయించి చూపిస్తారు. నేను రాస్తున్నది ఆ గంట గురించే. సర్జన్ గురించి, గదుల గురించి ఇక్కడ రాయడం లేదు.

అంతకు రెండు నెలల ముందు పాపను వేరే చోట రక్తపరీక్షకు తీసుకెళ్లాం. నలుగురం కలిసి మంచానికి అదిమి పట్టుకున్నాం. కాళ్లు పట్టుకున్నది నేనే. "ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అని కూడా చెప్పాను. మొదటిసారి నరం దొరకలేదు, మళ్లీ గుచ్చారు. ఆ రోజు నుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు, నా మెడ పట్టుకుని వదిలేది కాదు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచేది. ఇంట్లో ఆపరేషన్ మాట ఎత్తాలంటేనే మాకు టెన్షన్. అసలు చెప్పకుండా తీసుకెళ్లిపోదామా అని కూడా అనుకున్నాం.

ఆటల గదిలో ఆవిడ పాపను పలకరించలేదు. తన పాటికి తాను నేల మీద కూర్చుని, సిరంజిల్లో రంగునీళ్లు నింపి కాగితం మీద చిమ్ముతున్నారు. సూదులు లేవు గానీ సిరంజిలు నిజమైనవే. పాప చాలాసేపు నా ఒళ్లోంచి కదల్లేదు. తర్వాత మెల్లగా దిగి ఎర్రరంగు సిరంజి అందుకుంది. కాగితం నిండాక ఆవిడ ముఖం లేని ఒక గుడ్డబొమ్మ ఇచ్చి, ముఖం నువ్వే గీయమన్నారు. పాప కళ్లు గీసి, వాటి కింద నీలం చుక్కలు పెట్టింది.

"ఏడుస్తోంది" అంది.

"ఎందుకూ?" అన్నారావిడ.

"అల్లరి చేసింది. అందుకే సూది."

నా గుండె కలుక్కుమంది. అల్లరి చేస్తే సూది వేయిస్తామని ఇంట్లో ఎన్నిసార్లు అన్నామో లెక్కలేదు. ఈ వయసు పిల్లలు వైద్యాన్ని శిక్ష అనుకోవడం మామూలేనని ఆవిడ తర్వాత నాతో విడిగా చెప్పారు. అప్పుడు మాత్రం పాపతో ఒక్క మాటే అన్నారు: "ఈ బొమ్మకు గొంతునొప్పి. గొంతునొప్పి అల్లరి పిల్లలకూ వస్తుంది, బుద్ధిగా ఉండే పిల్లలకూ వస్తుంది. డాక్టరువి నువ్వే, ఒకసారి చూస్తావా?" పాప బొమ్మ చేతికి రబ్బరు పట్టీ కట్టింది, దూదితో తుడిచింది. గుచ్చబోయే ముందు దాని చెవి దగ్గర నోరు పెట్టి "నీమీద కోపం లేదు" అంది.

తర్వాత ఆవిడ సూది తీసేసిన కాన్యులా, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం, పాప చేతిలో పెట్టారు. సూది దారి చేసి బయటికి వచ్చేస్తుందనీ, చేతిలో ఉండిపోయేది ఈ మెత్తటి గొట్టమేననీ చెప్పారు. పాప దాన్ని వంచి చూసింది, బుగ్గకు రాసుకుంది. సూది లోపలే ఉంటుందని నేనూ అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

"నొప్పి పుడుతుందా?" అని పాప అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ జవాబిచ్చారు. "కొంచెం పుట్టొచ్చు. తక్కువ పుట్టాలని గంట ముందు చేతికి క్రీమ్ రాస్తాం. ఏడుపొస్తే ఏడువు, పర్వాలేదు. చెయ్యి కదపకుండా ఉంచడం మాత్రం నీ పని." సూది వేయించుకుంటావా అని అడగలేదు. అందులో పాప ఇష్టం ఏమీ లేదు కదా. ఏ చెయ్యి, చూస్తావా తల తిప్పుకుంటావా, నాన్న ఒళ్లో కూర్చుంటావా అని అడిగారు. మత్తు గురించి చెప్పినప్పుడు కూడా ఉత్తినే నిద్రపుచ్చుతాం అనలేదు. ఇది రాత్రి పడుకునే నిద్ర లాంటిది కాదనీ, పని అయ్యేదాకా మధ్యలో మెలకువ రాదనీ, అయ్యాక డాక్టరే లేపుతారనీ విడమర్చి చెప్పారు.

మర్నాడు పాప నా ఒళ్లో కూర్చుని సబ్బు బుడగలు ఊదుతుండగా కాన్యులా పెట్టారు. ఏడ్చింది. కానీ పెనుగులాడలేదు, ఒక్కరు కూడా పట్టుకోవలసిన అవసరం రాలేదు. ఎడమ చెయ్యి తనే చాపింది.

ఇదేదో ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాణ్ణి. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ నగర ఆసుపత్రిలో ఎమ్మా ప్లాంక్ 1955లోనే ఆసుపత్రి పిల్లల కోసం ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టారని తర్వాత చదివాను. ఆటను పిల్లల హక్కుగా చెప్పిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989 నాటిది. ఇంత పాత సంగతి మాకు డాక్టరు చెప్పలేదు, అడ్మిషన్ కౌంటర్లోనూ చెప్పలేదు. వార్డులో ఇంకో పిల్లాడి తల్లి చెబితే తెలిసింది. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే.

ఇంకో లోటు రాత్రిపూట. సాయంత్రానికి ఆవిడ వెళ్లిపోతారు. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్ ఏమీ చెప్పకుండా కాన్యులాలోకి సెలైన్ ఎక్కించింది. చెయ్యంతా చల్లగా పాకేసరికి పాప బెదిరిపోయి, ఇదివరకటిలాగే మళ్లీ నా మెడ పట్టుకుంది. "ఇప్పుడు చల్లగా ఉంటుందమ్మా" అని ఒక్క మాట ముందు చెబితే సరిపోయేది. వార్డు మొత్తానికీ ఈ పద్ధతి నేర్పాలి, ఒక్క మనిషితో అయ్యే పని కాదు.

బొమ్మలు చిన్నపిల్లలకే కదా అనుకోకండి. మేమున్నప్పుడు పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు వచ్చాడు, బొమ్మ ముట్టుకోలేదు. అతనికి ఆపరేషన్ థియేటర్ ఫొటోలు చూపిస్తూ మామూలుగా కబుర్లు చెప్పారు, మత్తు మాస్కు చేతికిచ్చి పెట్టుకుని చూడమన్నారు. వెళ్లేటప్పుడు తనే నాలుగు ప్రశ్నలడిగాడు. పెద్దపిల్లలకైతే కొన్ని రోజుల ముందే చెప్పాలట. మా పాపంత వాళ్లకు ఒకటి రెండు రోజుల ముందు చాలు, మరీ ముందు చెబితే భయాన్ని అన్ని రోజులూ మోస్తారట. ఆపరేషన్ తేదీ రాయించుకునేటప్పుడే ఈ గంట గురించి కూడా అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

బొమ్మను ఇంటికి ఇచ్చేశారు. పాప రోజూ దానికి ప్లాస్టర్ మారుస్తోంది. నిన్న నా వంతు వచ్చింది. ఏ చెయ్యి కావాలో నన్ను అడిగి మరీ వేసింది.