దొనకొండ రన్‌వే: ఆటో బేరం నుంచి మొరం పొర దాకా

మార్కాపురం వైపు దొనకొండ రైల్వే స్టేషన్ బయట ఎయిర్‌పోర్టు అనగానే ఆటో అతను రానూపోనూ 600 అన్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన "ఊరవతలే కదయ్యా, అంతెందుకు" అని కలగజేసుకున్నాక 200కి దిగాడు. వెయిటింగ్‌తో సహా ముందే తేల్చుకోండి. గంట ఆగమంటే 100 అదనంగా ఇవ్వొచ్చు, అంతకు మించి పైసా ఇవ్వొద్దు.

అక్కడ విమానాలు ఉండవు, టెర్మినల్ ఉండదు. సర్కారు తుమ్మ, మేస్తున్న గేదెలు, వాటి మధ్య రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. విమానాలు దిగి, పెట్రోలు పోసుకుని వెళ్లడానికి బ్రిటిష్ వాళ్లు కట్టిన మజిలీ ఇది. చూడ్డానికి ఏముంది అనేవాళ్లు చాలామందే ఉంటారు. ఏం చూడాలో తెలిస్తే మాత్రం రెండు గంటలు చాలవు.

1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద, మర్నాడే విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తిన రోజులవి. ఆ ఏడాది దేశమంతటా రెండు వందలకు పైగా ఎయిర్‌ఫీల్డ్‌లు కట్టాలని సర్కారు పూనుకుంది. అలాంటి చోటికి ముఖ్యంగా మూడు కావాలి: రైలు, గట్టి నేల, తీరం నుంచి కొంత దూరం. దొనకొండలో మూడూ ఉన్నాయి. మీటర్ గేజ్ కాలంలో ఇక్కడ లోకో షెడ్ ఉండేది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు, బొగ్గు అందే స్టేషన్ కాబట్టి పెట్రోలు పీపాలు దించుకోవడానికీ అనువైన చోటు. సముద్రం తూర్పున దూరంగా ఉంది.

ఇక నేల సంగతి. ఒంగోలు వైపు నల్లరేగడిలో రన్‌వే వేస్తే వానకు ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు వెడల్పున నెర్రెలు బారుతుంది. లోడుతో దిగే డకోటా రవాణా విమానం బరువు పన్నెండు టన్నుల పైమాటే. వానకు మెత్తబడిన ఆ నేల దాని చక్రాలను మోయలేదు. పడమటి మెట్ట నేల అలా కాదు, కొంచెం తవ్వితే మొరం, అంటే ఎర్ర గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి, తగులుతుంది. పొదలు నరికి, చదును చేసి, మొరమో కంకరో పరిచి, నీళ్లు చల్లి రోలరు తిప్పడమే ఆనాటి తొందర పని. నడుమ కాస్త ఎత్తు, రెండు పక్కలకూ వాలు, అంచున కాలువ ఉండాలి. కాలువ పూడితే వాన నీళ్లు మధ్యలో నిలిచి, అడుగున మట్టి మెత్తబడి, పైపొర పెచ్చులుగా లేస్తుంది. ఇలాంటి తాత్కాలిక రన్‌వేలు విమానాల తాకిడి కన్నా నీళ్లకే ఎక్కువగా చెడిపోతాయి.

ఇదంతా కళ్లతో చూడొచ్చు. తుమ్మ వేరు పైకి లేచిన చోట కూర్చుని గమనించండి: పైన బూడిద రంగు దుమ్ము, దాని కింద వేలెడు మందాన బిగిసిపోయిన ఎర్ర గులకరాళ్ల పొర. గోటితో గీకితే రాయి ఊడి రాదు. ఆ బిగుతు రోలరు పనితనం. యుద్ధకాలంలో రన్‌వేల మీద పరిచిన ఇనుప పలకల కోసం మాత్రం ఇక్కడ వెతక్కండి. పదడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, ఒక్కోటి ముప్పై కిలోలుండే ఆ చిల్లుల పలకలు బర్మా వైపు బురద నేలల కోసం. ఇక్కడి మొరానికి వాటితో పని లేదు.

వెంట వచ్చిన కాలేజీ పిల్లలిద్దరూ అరగంటకే మూతి ముడిచారు. రన్‌వే వెడల్పు అంగలతో కొలవమంటే హుషారొచ్చింది. భారీ బాంబర్ల రన్‌వేకి ఆనాటి బ్రిటిష్ ప్రమాణం 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు. 50 గజాలంటే సుమారు 46 మీటర్లు, పెద్దవాళ్ల నడకలో అరవై అంగల పైన. మీరూ అడ్డంగా నడిచి లెక్కపెట్టి చూడండి. స్థలం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. ఎవరైనా ఆపితే వాదనకు దిగొద్దు, డ్రోన్ అసలే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఉదయం తొమ్మిదికల్లా చేరుకోండి. నిలబడదామంటే నీడ లేదు, నీళ్లు తలా రెండు లీటర్లు.

బస దగ్గర మోసపోయాం. మార్కాపురంలో ఏసీ గది 1,200 అని ఫోన్‌లో ఒప్పుకున్న లాడ్జివాళ్లు, తీరా వెళ్లాక ఏసీ రిమోట్‌కు 200 అదనం అన్నారు. ఉదయం ఏడింటికే ట్యాంకు ఖాళీ. బకెట్ నీళ్లడిగితే కుర్రాడు చేతులు చాపాడు, 50 ఇచ్చాక గాని నీళ్లు రాలేదు. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని చెప్పి, పదింటికి తలుపు కొట్టి ఇంకో సగం రోజు అద్దె అడిగారు. రసీదు ఇవ్వమంటే గొంతు తగ్గింది. డబ్బు కట్టేముందే చెకౌట్ గంట రసీదు మీద రాయించుకోండి. నన్నడిగితే మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి చూసుకుని సాయంత్రానికి బయల్దేరడం మేలు. రాత్రి బసకు ఒంగోలే నయం.

భోజనం మాత్రం మనసు నింపింది. దొనకొండలో రేకుల పాకలో ఒకావిడ అప్పటికప్పుడు తట్టి కాల్చిన జొన్నరొట్టెలు రెండు, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, గ్లాసు మజ్జిగ కలిపి మనిషికి 60. రొట్టె అంచు ఎక్కడా పగల్లేదు, పచ్చడిలో నూనె పైకి తేలింది. మూతి ముడిచిన పిల్లలే మూడో రొట్టె అడిగారు.

కారులో వెళ్తే తిరుగు దారిలో అద్దంకి దగ్గర జాతీయ రహదారి 16 మీద కొరిశపాడు, రేణింగవరం మధ్య ఆగండి. అత్యవసరంగా విమానాలు దిగడానికి 4.1 కిలోమీటర్ల మేర రోడ్డునే కాంక్రీటు రన్‌వేగా వేశారు. 2022 డిసెంబర్ 29న వాయుసేన అక్కడ ట్రయల్ రన్ చేసింది. దొనకొండ మొరం చూసిన కళ్లతో ఆ కాంక్రీటు అతుకులు చూడండి. బండి మాత్రం సర్వీసు రోడ్డు మీదే ఆపండి, హైవే మీద లారీలు వేగం తగ్గించవు.