పీఎస్5 కోసం ఎస్‌ఎస్‌డీ కొంటున్నారా? వాడేసిన డ్రైవ్‌ను కొత్తదని అంటగడుతున్నారు, జాగ్రత్త

సోనీ గేమింగ్ కన్సోల్ పీఎస్5లో స్టోరేజ్ పెంచుకుందామని ఎం.2 ఎస్‌ఎస్‌డీ (కన్సోల్ లోపలి స్లాట్‌లో బిగించే చిన్న స్టోరేజ్ డ్రైవ్) కోసం వెతుకుతున్న వాళ్లందరికీ హెచ్చరిక. ఎక్కడో అరగదీసి వదిలేసిన డ్రైవ్‌లకు కొత్త హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు తొడుగు) తొడిగి, కొత్త స్టిక్కర్ అంటించి, సీలు వేసి మరీ అమ్ముతున్నారు. నాకు అంటగట్టింది అలాంటిదే. కన్సోల్‌లో పెట్టి చూస్తే ఈ మోసం బయటపడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను తీసుకున్నది 2 టీబీ, జెన్4 (నాలుగో తరం), హీట్‌సింక్‌తో సహా వచ్చే డ్రైవ్. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర కొన్నాను. రేటింగ్ బాగుంది, ప్యాకింగ్ నీట్‌గా ఉంది. స్లాట్‌లో బిగించి ఆన్ చేయగానే కన్సోల్ ఫార్మాట్ చేయమంది, చేశాను. రీడ్ స్పీడ్ కూడా సోనీ సూచించే సెకనుకు 5,500 ఎంబీకి పైనే చూపించింది. ఇక అనుమానం ఎందుకు వస్తుంది?

గేములన్నీ అందులోకి మార్చుకున్నాక మొదలైంది తంటా. ఆట మధ్యలో లోడింగ్ దగ్గర ఆగిపోవడం, డేటా పాడైందని మెసేజ్ రావడం. డిలీట్ చేసి మళ్లీ డౌన్‌లోడ్ చేస్తే ఆ గేమ్ బాగుపడుతుంది, ఇంకోటి చెడుతుంది. చివరికి ఒకరోజు కన్సోల్ డ్రైవ్‌నే గుర్తించలేదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ వచ్చింది. ఒక్క ఊరట ఏంటంటే, పీఎస్5 గేముల సేవ్ డేటా కన్సోల్ సొంత స్టోరేజ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆట ఎక్కడిదాకా వచ్చిందో అది పోలేదు.

కన్సోల్ ఎందుకు పట్టుకోలేదన్నదే అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. పీఎస్5 చూసేది డ్రైవ్ తనకు సరిపోతుందా లేదా అని మాత్రమే: జెన్4 ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ రకం) అయి ఉండాలి, 250 జీబీ నుంచి 8 టీబీ వరకు ఉండాలి (2023 సెప్టెంబర్ అప్‌డేట్‌కి ముందు 4 టీబీ వరకే తీసుకునేది), చదివే వేగం చాలినంత ఉండాలి. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదన్నది మనం చూసుకోవాలి. డ్రైవ్ వయసు ఎంత అన్నది వీటిలో ఎక్కడా లేదు. ఫ్లాష్ మెమరీ అరిగేది దాని మీద రాసినప్పుడు. సగానికి పైగా అరిగిన డ్రైవ్ కూడా ఆ కాసేపు టెస్ట్‌లో కొత్తదానిలాగే వేగంగా చదివేస్తుంది.

బండికి కిలోమీటర్ల మీటర్ ఉన్నట్టు, ప్రతి ఎస్‌ఎస్‌డీ లోపల స్మార్ట్ డేటా అని ఒక లెక్క ఉంటుంది. ఎన్ని గంటలు నడిచింది, ఎంత డేటా రాశారు, ఎన్ని తప్పులు వచ్చాయి, అన్నీ అందులో ఉంటాయి. ఫార్మాట్ చేసినా ఆ లెక్క చెరిగిపోదు. కానీ దాన్ని చూపించే మెనూ పీఎస్5లో లేదు.

డ్రైవ్‌ను ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్‌లో (కంప్యూటర్‌కి బయటి నుంచి కలిపేందుకు వాడే చిన్న పెట్టె) పెట్టి, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచాను. హెల్త్, అంటే మిగిలిన ఆయుష్షు, 38 శాతం. నడిచిన గంటలు వేలల్లో ఉన్నాయి. రాసిన డేటా 700 టీబీ దాటింది! 100 జీబీ గేమ్ ఒక్కోటి వేసుకుంటూ పోతే ఏడు వేల సార్లు డౌన్‌లోడ్ చేస్తే గానీ అంత అవదు. 2 టీబీ డ్రైవ్‌లకు చాలా కంపెనీలు వారంటీ ఇచ్చేదే 1,200 టీబీ రాసేవరకు. కొత్త డ్రైవ్‌లో సున్నా ఉండాల్సిన మీడియా ఎర్రర్స్ దగ్గర కూడా సున్నా లేదు. (ఆ సాఫ్ట్‌వేర్‌లో కింది వరుసల్లోని అంకెలు మామూలుగా హెక్స్‌లో, అంటే అక్షరాలు కలిసిన అంకెల్లో కనిపిస్తాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద రా వాల్యూస్‌ని డెసిమల్‌కి (మామూలు అంకెలకి) మార్చుకుంటే అర్థమవుతాయి.)

అన్నిటికన్నా ఒళ్లు మండింది సీరియల్ నంబర్ చూశాక. స్టిక్కర్ మీద ఒకటి, సాఫ్ట్‌వేర్ చూపించేది ఇంకొకటి. డ్రైవ్ తయారు చేసిన కంపెనీని అడిగితే, లోపలున్న నంబర్ విడిగా షాపుల్లో అమ్మే సరుకుది కాదని, కంప్యూటర్ తయారీదారులకు ఇచ్చిన బ్యాచ్‌దని, దానికి నాకు వారంటీ రాదని తేల్చి చెప్పారు. సర్వర్ల నుంచి పీకినవి, 2021లో చియా అనే క్రిప్టో కోసం రాత్రింబవళ్లు రాసి రాసి అరగదీసినవి, ఇలాంటి డ్రైవ్‌లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి రావడం కొత్తేమీ కాదు. వాడినదని చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కొత్తదని చెప్పి పూర్తి ధర గుంజడమే మోసం.

కంటితో కూడా కొంత పట్టుకోవచ్చు. స్లాట్‌లోకి వెళ్లే బంగారు రంగు పిన్నుల మీద సన్నటి నిలువు గీతలు ఉన్నాయా చూడండి. ఇంతకుముందు ఎక్కించి తీసినదైతే ఆ గీతలు పడతాయి. రెండో చివర స్క్రూ బిగించే అర్ధచంద్రాకారపు గాడి చుట్టూ స్క్రూ తల ఒరుసుకున్న గుండ్రటి మచ్చ ఉంటుంది. నా డ్రైవ్‌కి ఆ మచ్చ నేను బిగించిన స్క్రూ కన్నా వెడల్పుగా ఉంది. దీనికి హీట్‌సింక్ ఊడదీయక్కర్లేదు, ఊడదీస్తే రిటర్న్‌కి అడ్డుపుల్ల వేస్తారు. స్మార్ట్ లెక్కల్ని సున్నా చేసే కేటుగాళ్లూ ఉన్నారు కాబట్టి, అంకెలు శుభ్రంగా ఉన్నా ఈ రెండు చోట్లా చూడటం మానకండి.

సెల్లర్ మొదట కన్సోల్‌లోనే ప్రాబ్లం ఉందన్నాడు. స్క్రీన్‌షాట్లు పంపితే సీలు తీశారు కాబట్టి రిటర్న్ కుదరదన్నాడు. సీరియల్ నంబర్ల గురించి అడిగాక ముఖం చాటేశాడు. రెండు నంబర్లూ కనిపించే ఫొటోలు, కంపెనీ ఇచ్చిన జవాబు కలిపి ఆ వెబ్‌సైట్‌కే ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఫిర్యాదులో ‘గేములు ఆగిపోతున్నాయి’ అని మాత్రమే రాస్తే టెక్నికల్ ప్రాబ్లం అని పక్కన పెట్టేస్తారు. ‘వాడిన వస్తువును కొత్తదని అమ్మారు’ అనే రాయండి.

ఇంకా పీఎస్4 వాడుతూ 2.5 అంగుళాల డ్రైవ్ మార్చుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అందులోనూ ఈ లెక్క కనిపించదు.

ఇప్పటికే కొని బిగించేసి, రిటర్న్ గడువు ఇంకా ఉన్నవాళ్లు ఈరోజే తీసి చూసుకోండి. రెస్ట్ మోడ్‌లో కాదు, పూర్తిగా ఆఫ్ చేసి ప్లగ్ పీకాకే డ్రైవ్ తీయాలి. కంప్యూటర్‌కి కలపగానే విండోస్ ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయమంటారా, ఇనిషియలైజ్ చేయమంటారా అని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి. అలా చేస్తే లోపలి గేములు అలాగే ఉంటాయి, తిరిగి అదే కన్సోల్‌లో పెట్టినప్పుడు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే పని ఉండదు.